వెలుతురు పసిగట్టే జన్యువు మారితే మొక్క పొడుగవుతుందా, పొట్టిదవుతుందా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఫైటోక్రోమ్-బి అనే జన్యువులో ఒకే ఒక్క చోట మార్పు జరిగితే మొక్క కటిక చీకట్లో కూడా వెలుతురులో ఉన్నట్టే పెరుగుతుందని చదివాను. మ్యుటేషన్ అంటే పాడవడమే కదా. పాడైతే వెలుతురు తెలియకుండా పోవాలి గానీ, లేని వెలుతురు ఉన్నట్టు తోచడమేమిటి? పైగా ఒక చోట ఈ జన్యువు మారితే మొక్క పొడుగవుతుందని, ఇంకో చోట పొట్టిదవుతుందని రాశారు. ఏది నిజం? పొడుగ్గా సాగిన మొలక ఒకటి కనిపిస్తే అందులో ఏ జన్యువు మారిందో ఎలా చెప్పాలి?"

రెండూ నిజమే. మొక్కల్లో కాంతి గ్రాహకాల (వెలుతురును పసిగట్టే ప్రోటీన్ల) మీద పని చేస్తూ చాలా ఏళ్లు గడిపాను. కొత్తగా వచ్చిన విద్యార్థులు దాదాపు అందరూ మొదట తికమకపడేది ఇక్కడే, కాబట్టి టెన్షన్ పడకండి. కాస్త వివరంగానే రాస్తాను, ఎందుకంటే మధ్యలో ఒక మెట్టు వదిలేస్తే మిగతాదంతా బట్టీ పట్టినట్టు అయిపోతుంది.

ముందు ఒక్క సంగతి పట్టుకోండి. మొలక పొడుగ్గా సాగడానికి వెలుతురు అక్కర్లేదు. సాగడమే దాని సహజ ధోరణి, వెలుతురు వచ్చి ఆ సాగుడును ఆపుతుంది. మట్టిలో మొలకెత్తిన విత్తనానికి చుట్టూ చీకటే. దగ్గరున్న నిల్వ ఆహారం అయిపోయేలోగా పైకి చేరకపోతే పని అయిపోయినట్టే. అందుకని ఉన్నదంతా పొడుగు మీదే ఖర్చు పెడుతుంది. చీకట్లో పెరిగిన అరబిడాప్సిస్ మొలకను చూడండి (ఆవాల కుటుంబానికి చెందిన చిన్న కలుపు మొక్క ఇది, మా ప్రయోగాల్లో ఎక్కువ భాగం దీని మీదే నడుస్తాయి). కాడ తెల్లగా, సన్నగా, బాగా పొడుగ్గా ఉంటుంది. కొస కొక్కెంలా వంగి ఉంటుంది. రెండు బీజదళాలు పసుప్పచ్చగా, చిన్నగా, ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. మట్టిని తోసుకుంటూ వెళ్లేటప్పుడు లేత కొస చిట్లిపోకుండా ఆ వంపు కాపాడుతుంది. వెలుతురు తగిలాక కాడ సాగడం మందగిస్తుంది, కొక్కెం విచ్చుకుంటుంది, బీజదళాలు తెరుచుకుని పచ్చబడతాయి.

అంటే వెలుతురు వచ్చిందన్న కబురు అందని మొలక పొడుగవుతుంది, ఆ కబురు ఆగకుండా అందుతూనే ఉన్న మొలక పొట్టిగా ఉండిపోతుంది. మ్యుటేషన్ కబురును తెంపిందా, ఆగకుండా మోగేలా చేసిందా అన్నదాన్ని బట్టే పొడుగూ పొట్టీ.

ఇక ఆ కబురు ఎలా పుడుతుందో చూద్దాం. ఎరుపు కాంతి విషయంలో ఆ పని చేసేది ఫైటోక్రోమ్ అనే ప్రోటీన్. దీని జాడ మొదట దొరికింది విత్తనాల్లో. అమెరికాలోని బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో బోర్త్‌విక్, హెండ్రిక్స్, వాళ్ల సహచరులు 1952లో గ్రాండ్ రాపిడ్స్ అనే లెట్యూస్ రకం విత్తనాల మీద కాసేపు ఎరుపు కాంతి వేసి చూశారు. విత్తనాలు మొలిచాయి. ఎరుపు తర్వాత ఫార్-రెడ్, అంటే ఎరుపుకు అవతల మన కంటికి దాదాపు కనబడని కాంతి వేస్తే చాలావరకు మొలవలేదు. మళ్లీ ఎరుపు వేస్తే మొలిచాయి. ఇలా ఎన్నిసార్లు మార్చి మార్చి వేసినా చివర ఏ కాంతి పడిందో అదే చెల్లింది. రెండు రూపాల మధ్య అటూ ఇటూ మారగల రంగు పదార్థం ఏదో లోపల ఉండి తీరాలని అప్పుడే తేల్చేశారు. 1959లో అదే కేంద్రంలో ఆ పదార్థాన్ని మొక్కల్లో పరికరంతో నేరుగా కొలిచి చూపించారు. ఈ రంగంలో నాకు ఇప్పటికీ అన్నిటికంటే నచ్చేది ఆ విత్తనాల ప్రయోగమే. ఒక అణువు ఎలా ప్రవర్తిస్తుందో విత్తనాల లెక్కతో చెప్పేశారు.

ఫైటోక్రోమ్‌లో రెండు భాగాలున్నాయి. ఒకటి ప్రోటీన్. అరబిడాప్సిస్ ఫైటోక్రోమ్-బిలో అయితే 1172 అమైనో ఆమ్లాల గొలుసు. రెండోది ఆ ప్రోటీన్ లోపలి గూటిలో అతుక్కుని ఉండే చిన్న రంగు అణువు. హీమ్ అనే ఇనుము ఉన్న అణువును కత్తిరించి, కొద్దిగా మార్చి మొక్క దీన్ని తయారు చేసుకుంటుంది. కాంతిని పీల్చేది ఈ రంగు అణువే, ప్రోటీన్ ఒంటరిగా ఉంటే ఎరుపు కాంతి దానికి కనబడదు. రంగు అణువులో నాలుగు వలయాలుంటాయి. 660 నానోమీటర్ల దగ్గరి ఎరుపు కాంతి పడగానే నాలుగో వలయం మెలి తిరుగుతుంది. ఆ మెలికతో చుట్టూ ఉన్న ప్రోటీన్ ఆకారం కూడా మారుతుంది. అదే పని చేసే రూపం. ఈ రూపం 730 నానోమీటర్ల దగ్గరి ఫార్-రెడ్‌ను పీల్చి వెనక్కి, పని చేయని రూపానికి వెళ్లిపోతుంది.

గోడ మీది స్విచ్ అనుకోండి. ఎరుపు దాన్ని వేస్తుంది, ఫార్-రెడ్ ఆర్పుతుంది. అయితే ఎవరూ ముట్టుకోకపోయినా ఈ స్విచ్ చీకట్లో తనంతట తానే నెమ్మదిగా ఆరిపోతుంది. ఈ చివరి సంగతిని పాఠ్యపుస్తకాలు ఒక్క లైనులో దాటేస్తాయి గానీ, మ్యుటేషన్ల కథలో సగం ఇక్కడే ఉంది. మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

స్విచ్ పడ్డాక ఏమవుతుంది? మారిన ఫైటోక్రోమ్ కణ కేంద్రకంలోకి చేరుతుంది. అక్కడ పిఫ్‌లు అనే ప్రోటీన్ల గుంపు ఉంటుంది. వీటిలో మొదట దొరికిన పిఫ్3ని 1998లో పీటర్ క్వేల్ బృందం బయటపెట్టింది. చీకట్లో కాడ సాగేలా జన్యువులను నడిపించేవి ఇవే. ఫైటోక్రోమ్ వెళ్లి వీటిని పట్టుకుంటే, పిఫ్‌లలో చాలా వాటికి నాశనం గుర్తు పడుతుంది. కణం వాటిని ముక్కలు చేసేస్తుంది. సాగుడు ఆగుతుంది. పిఫ్1, పిఫ్3, పిఫ్4, పిఫ్5 నాలుగూ లేని మొలకలు చీకట్లో కూడా పొట్టిగా, బీజదళాలు తెరుచుకుని ఉంటాయని 2008లో తేలింది. చూశారా, ఇక్కడ ఫైటోక్రోమ్‌కు ఏమీ కాలేదు, అయినా మొక్క వెలుతురులో ఉన్నట్టే ప్రవర్తిస్తోంది. ఆపాల్సిన పనే లేకుండా పోయింది మరి.

ఇప్పుడు మ్యుటేషన్ల దగ్గరికి వద్దాం. అందరూ అనుకునే రకం ముందు: పాడైపోవడం. 1980లో నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో మార్టెన్ కోర్నేఫ్, ఆయన సహచరులు వెలుతురులో కూడా పొడుగ్గా సాగుతున్న అరబిడాప్సిస్ మొలకలను ఏరి, వాటికి హెచ్‌వై1 నుంచి హెచ్‌వై5 దాకా పేర్లు పెట్టారు. పైకి చూస్తే అన్నీ ఒకే తీరు, అన్నీ పొడుగే. లోపల మాత్రం ఒక్కోదానిలో ఒక్కో చోట తెగింది. హెచ్‌వై3లో ఫైటోక్రోమ్-బి ప్రోటీనే లేదు. హెచ్‌వై1, హెచ్‌వై2లలో ప్రోటీన్ ఉంది గానీ రంగు అణువు తయారీ మధ్యలో ఆగింది. హీమ్‌ను కత్తిరించే ఎంజైము ఒకదానిలో పోయింది, దాని తర్వాతి మెట్టులోని ఎంజైము రెండోదానిలో పోయింది. హెచ్‌వై4 అసలు ఫైటోక్రోమ్ కథే కాదు. అది నీలి కాంతిని పసిగట్టే క్రిప్టోక్రోమ్ జన్యువని 1993లో తెలిసింది. హెచ్‌వై5లో గ్రాహకాలన్నీ బాగానే ఉన్నాయి. వాటి కబురు అందుకుని జన్యువులను నడపాల్సిన ప్రోటీన్ లేదు.

ఫైటోక్రోమ్-బి పోయిన మొక్క వెలుతురు తెలియని మొక్క అని కొన్ని వార్తల్లో రాస్తుంటారు. అది సరికాదు. అరబిడాప్సిస్‌లో ఫైటోక్రోమ్‌లే ఎ నుంచి ఇ వరకు ఐదున్నాయి. నీలికి క్రిప్టోక్రోమ్‌లు, కాంతి వైపు వంగడానికి ఫోటోట్రోపిన్‌లు, అతినీలలోహితానికి ఇంకో గ్రాహకం వేరే ఉన్నాయి. బి పోయినా మొక్క వెలుతురు వైపు వంగుతుంది, పచ్చబడుతుంది, తిండి తయారు చేసుకుంటుంది. పోయేది ఒక నిర్దిష్టమైన అంచనా: నా మీద పడే కాంతిలో ఎరుపు ఎంత, ఫార్-రెడ్ ఎంత అన్నది. ఎండలో ఈ రెండూ దాదాపు సమానం, ఎరుపు కొద్దిగా ఎక్కువ. పక్క మొక్క ఆకు కింద అయితే పత్రహరితం ఎరుపును మింగేసి ఫార్-రెడ్‌ను వదిలేస్తుంది, కాబట్టి ఎరుపు బాగా పడిపోతుంది. మామూలు మొక్క ఈ తేడాను బట్టి "పక్కన పోటీ ఉంది" అని గ్రహించి పైకి సాగుతుంది. బి లేని మొక్కకు ఎంత ఎండలో పెట్టినా ఎప్పుడూ ఎవరి నీడలోనో ఉన్నట్టే. కాడలు పొడుగు, ఆకుల తొడిమలు పొడుగు, ఆకు రంగు లేత, పూత తొందర.

ఫైటోక్రోమ్-ఎ పోయిన మొక్క దీనికి భిన్నం, నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ కూడా. మామూలు తెల్లటి వెలుతురులో దాన్ని మామూలు మొక్క పక్కన పెడితే తేడా కనిపెట్టడం కష్టం. ఎడతెగని ఫార్-రెడ్ కింద పెంచితే మాత్రం మామూలు మొలక పొట్టిగా తెరుచుకుంటుంది, ఇదేమో చీకట్లో ఉన్నట్టు సాగిపోతుంది. ఏ కాంతిలో చూస్తున్నారో తెలియకుండా "ఈ మ్యుటేషన్ వల్ల ఏమీ కాదు" అని తేల్చకూడదనేది ఇందుకే.

ఇక మీ అసలు ప్రశ్న, చీకట్లో వెలుతురు. ఫైటోక్రోమ్-బి గొలుసులో 276వ అమైనో ఆమ్లం టైరోసిన్. అది హిస్టిడిన్‌గా మారితే మీరు చదివిన వింత జరుగుతుంది. టైరోసిన్‌కు జన్యువులో మూడక్షరాల కోడ్ టీఏటీ లేదా టీఏసీ, హిస్టిడిన్‌కు సీఏటీ లేదా సీఏసీ. అంటే జన్యువులో ఒక్క అక్షరం, మొదటి టీ పోయి సీ వస్తే చాలు. ఈ రకానికి వైహెచ్‌బి అని పేరు.

ఇది దొరికిన తీరు చిత్రంగా ఉంటుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో క్లార్క్ లాగారియాస్ బృందం మొదట మొక్కల జోలికే పోలేదు. నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియాలో కూడా ఫైటోక్రోమ్‌లున్నాయి. అలాంటి ఒక దాన్ని తీసుకుని, యాదృచ్ఛికంగా మార్పులు చేస్తూ, ఎరుపుగా మెరిసే రకం కోసం వెతికారు. ప్రయోగశాలలో గుర్తుగా వాడుకోవడానికి మెరిసే ప్రోటీన్ కావాలి, అంతే. దొరికిన దానిలో టైరోసిన్ పోయి హిస్టిడిన్ వచ్చింది. అదెందుకు మెరుస్తుందో ఆలోచించండి. మామూలుగా కాంతి నుంచి వచ్చిన శక్తి నాలుగో వలయాన్ని మెలి తిప్పడానికి ఖర్చవుతుంది. ఆ టైరోసిన్ ఉండేది రంగు అణువును చుట్టుకుని ఉండే గూటిలోనే. అది మారాక వలయం సరిగా తిరగదు. మెలికకు పోని శక్తి మళ్లీ కాంతిగా బయటికి వచ్చేస్తుంది. స్విచ్ కదలదు, బదులుగా మెరుస్తుంది.

ఇక్కడిదాకా వింటే ఎవరైనా ఏమనుకుంటారు? కదలని స్విచ్ మొక్కలో పెడితే మొక్క పొడుగవ్వాలి, ఎందుకంటే కబురు పుట్టదు. 2007లో లాగారియాస్, ఆయన బృందంలోని సు అదే మార్పును అరబిడాప్సిస్ ఫైటోక్రోమ్-బిలో చేసి మొక్కలో పెట్టి చూస్తే సరిగ్గా తలకిందులైంది. మొలకలు చీకట్లో పొట్టిగా, తెరుచుకుని ఉన్నాయి. స్విచ్ కదలదన్న మాట నిజమే, కానీ అది బిగుసుకుపోయింది వేసి ఉన్న స్థితిలో. రంగు అణువు పీల్చే కాంతిని కొలిస్తే అది ఇంకా పని చేయని రూపంలో ఉన్నట్టే కనబడుతుంది, చుట్టూ ఉన్న ప్రోటీన్ మాత్రం పని చేసే ఆకారంలోకి వెళ్లిపోయింది. మామూలు ఫైటోక్రోమ్‌లో ఈ రెండూ కలిసి కదులుతాయి. ఈ ఒక్క మార్పు ఆ లంకెను తెంచింది. కేంద్రకంలోకి వెళ్లడానికి, పిఫ్‌లను పట్టుకోవడానికి కావలసింది ప్రోటీన్ ఆకారమే కాబట్టి, రంగు అణువు ఏ స్థితిలో ఉన్నా కబురు పోతూనే ఉంటుంది. వైహెచ్‌బి మొలకలు చీకట్లో ఏ జన్యువులను నడుపుతున్నాయో 2009లో చూస్తే, మామూలు మొలకలు ఎరుపు కాంతిలో నడిపేవాటితో అవి చాలా దగ్గరగా సరిపోయాయి. కాబట్టి ఇది పైపై పోలిక కాదు.

ప్రయోగం ఎలా ఉంటుందో చెప్తాను, కళ్లకు కట్టినట్టు ఉంటుంది. పెట్రి డిష్‌లో అగార్ అనే జెల్లీ మీద విత్తనాలు చల్లి, కొన్ని రోజులు చలిలో ఉంచి, మొలకెత్తడానికి సరిపడా కాసేపు వెలుతురు చూపించి, అల్యూమినియం ఫాయిల్ చుట్టి పక్కన పెడతాం. కొన్ని రోజుల తర్వాత చీకటి గదిలో, మందమైన ఆకుపచ్చ లైటు కింద ఫాయిల్ విప్పుతాం. మామూలు మొలకల డిష్‌లో కాడలన్నీ పొడుగ్గా ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి, తలలు వంగి ఉంటాయి. వైహెచ్‌బి డిష్‌లో మొలకలు పొట్టిగా నిలబడి, బీజదళాలు రెండు వైపులకు చాచి ఉంటాయి. దాన్ని మామూలు వెలుతురులోకి తీసుకొస్తే ఒక విషయం తెలుస్తుంది. ఆ బీజదళాలు పసుప్పచ్చగానే ఉన్నాయి. పచ్చదనం లేదు.

ఇది చిన్న వివరంలా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో మొత్తం పాఠం ఇందులోనే ఉంది. పూల మొక్కల్లో పత్రహరితం తయారీలో ఒక మెట్టు దగ్గర ఎంజైముకు నేరుగా కాంతి కావాలి. కాంతి పడితేనే ఆ ఎంజైము పని చేస్తుంది, దానికి ఫైటోక్రోమ్‌తో పని లేదు. వెలుతురు ఉందని నమ్మించడం వేరు, వెలుతురును ముడిసరుకుగా వాడుకోవడం వేరు. వైహెచ్‌బి మొదటిది మాత్రమే చేయగలదు. డిష్‌ను వెలుతురులో పెట్టిన కొన్ని గంటలకు ఆ మొలకలు కూడా పచ్చబడతాయి.

ఇంకో తేడా కూడా గుర్తుంచుకోండి. ఫైటోక్రోమ్-బి పాడైన మ్యుటేషన్ సాధారణంగా అంతర్గత లక్షణం. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు ప్రతులూ పాడైతేనే మొక్క బాగా పొడుగవుతుంది, ఒక మంచి ప్రతి ఉంటే చాలావరకు నెట్టుకొస్తుంది. వైహెచ్‌బి బహిర్గతం. పక్కన మంచి ప్రతులు ఎన్ని ఉన్నా, ఒక్కటి బిగుసుకుపోతే అది కబురు పంపుతూనే ఉంటుంది, మిగతావి ఆపలేవు. "మ్యుటేషన్ అంటే పాడవడమే కదా" అన్న మీ మాటకు ఇది జవాబు. పాడవడం ఎక్కువ చోట్ల జరిగేదే, ఎందుకంటే గొలుసును తెంపడానికి వందల దారులున్నాయి. సరిగ్గా పని చేసే ఆకారంలో బిగించే మార్పులు అరుదు, అందుకే అవి దొరికినప్పుడు మాకు పండగ.

ఈ రెండు కొసల మధ్య ఉన్నవే ప్రకృతిలో ఎక్కువ పనికొస్తాయని నా అభిప్రాయం. స్విచ్ తనంతట తాను ఆరిపోతుందని పైన చెప్పాను కదా. ఎంత వేగంగా ఆరిపోతుందన్నది కూడా మ్యుటేషన్ మార్చగలదు. ఫైటోక్రోమ్-బిలో 564వ చోట ఉండే గ్లైసిన్ పోయి గ్లుటామిక్ ఆమ్లం వస్తే, పని చేసే రూపం చీకట్లో ఆరిపోకుండా నిలిచిపోతుంది. 2000లో వెలుగులోకి వచ్చిన ఈ మొక్కలు పూర్తి చీకట్లో మామూలుగానే ఉంటాయి, కానీ చాలా కొద్ది ఎరుపు కాంతికే విపరీతంగా స్పందిస్తాయి. వైహెచ్‌బికి వెలుతురు అవసరమే లేదు, దీనికి కొంచెం చాలు. పొట్టి మొలకలు చూసి రెండింటినీ ఒకే గాటన కట్టేయడం చాలాసార్లు చూశాను, చీకటి డిష్ పక్కన పెడితే వెంటనే విడిపోతాయి.

ఈ ఆరిపోయే వేగానికి వెలుతురుతో సంబంధం లేని పని కూడా ఒకటుంది. వేడి పెరిగేకొద్దీ స్విచ్ తొందరగా ఆరిపోతుంది. అంటే ఫైటోక్రోమ్-బి రాత్రిపూట ఉష్ణమాపకంలా కూడా పని చేస్తుంది. 2016లో కేంబ్రిడ్జ్ నుంచి ఒక బృందం, బ్యూనస్ ఐరిస్ నుంచి ఇంకో బృందం ఈ సంగతి బయటపెట్టాయి. వేడిలో మొక్కలు కాస్త పొడుగ్గా సాగడం వెనక ఇదీ ఒక కారణం. వైహెచ్‌బి మొక్కలో స్విచ్ ఆరిపోయే ప్రసక్తి లేదు కాబట్టి వేడికి సాగడం బాగా తగ్గిపోతుంది. వెలుతురు జన్యువులో చేసిన మార్పు వేడి దగ్గర కూడా తేలుతుందని ఈ రంగంలో కొన్నేళ్ల కిందటి దాకా చాలామంది ఊహించలేదు.

ప్రయోగశాలలో ఎవరూ చేయకుండానే, అడవి మొక్కల్లో వచ్చిన మార్పులు కూడా ఉన్నాయి. ఎల్‌ఎం-2 అనే సహజ అరబిడాప్సిస్ రకం ఫార్-రెడ్‌కు సరిగా స్పందించదు. దాని ఫైటోక్రోమ్-ఎలో 548వ చోట మెథియోనిన్ బదులు థ్రియోనిన్ ఉందని 2001లో కనుక్కున్నారు. కేప్ వెర్డే దీవుల నుంచి తెచ్చిన రకంలో క్రిప్టోక్రోమ్-2లో 367వ వాలిన్ మెథియోనిన్‌గా మారి ఉంది. దానివల్ల ఆ మొక్క పగలు తక్కువగా ఉండే కాలంలో కూడా తొందరగా పూస్తుంది. రెండు చోట్లా మారింది ఒక్క అమైనో ఆమ్లమే. గ్రాహకం పోలేదు, దాని సున్నితత్వం మాత్రం మారింది.

గ్రాహకం తర్వాతి మెట్ల గురించి తొందరగా చెప్పేస్తాను. చీకట్లో హెచ్‌వై5 లాంటి ప్రోటీన్లను ఎప్పటికప్పుడు నాశనం చేయించే యంత్రాంగం ఒకటుంది, అందులో కాప్1, డెట్1 ముఖ్యమైనవి. అవి పాడైతే హెచ్‌వై5 చీకట్లో కూడా పోగవుతుంది, మొలక పొట్టిగా తెరుచుకుంటుంది. చూడటానికి వైహెచ్‌బి లాగే ఉంటుంది, కారణం మాత్రం తలకిందులు. ఇక్కడ పాడైనందువల్లే కబురు ఆగకుండా పోతోంది, పైగా ఇది అంతర్గత లక్షణం. కాప్1 పూర్తిగా పోతే మొలక బతకదు. టమాటాలో డెట్1 జన్యువు కొంచెం బలహీనపడితే ముదురు రంగు కాయలు, ఎక్కువ లైకోపీన్ (టమాటాకు ఎరుపునిచ్చే పదార్థం) వస్తాయి. హెచ్‌పి-2 అనే పేరుతో చాలాకాలంగా తెలిసిన ఆ లక్షణం వెనక ఉన్నది ఈ జన్యువేనని 1999లో తేలింది. టమాటాలోనే ఆరియా అనే ఇంకో మ్యుటేషన్ ఉంది. రంగు అణువు తయారీ చివరి మెట్టు తెగి ఆకులు పసుపు తిరిగిన ఆకుపచ్చగా ఉంటాయి. జొన్నలో ఎంఎ3 అనే పూత కాలపు జన్యువు కూడా ఫైటోక్రోమ్-బియే. అది తెగిన రకం పగటి పొడవు లెక్క సరిగా చూసుకోకుండా చాలా ముందే పూస్తుంది, లేత మొక్కలు సన్నగా సాగుతాయి.

కొందరు ఇక్కడ సహజంగా అడిగేది: పొట్టి, గుబురు మొక్కలు వస్తున్నాయి కదా, వైహెచ్‌బిని పంటల్లో పెట్టేస్తే దగ్గర దగ్గరగా నాటుకోవచ్చు కదా అని. నాకు అంత నమ్మకం లేదు. ఫైటోక్రోమ్-బి ఒక్క పొడుగుతో ఆగదు. విత్తనం మొలవడం, పూత సమయం, వేడికి స్పందన, అన్నిట్లోనూ వేలు పెడుతుంది. ఎప్పుడూ వేసి ఉన్న స్విచ్‌తో ఇవన్నీ ఒకేసారి కదులుతాయి. గ్లైసిన్ మార్పులా సున్నితత్వాన్ని కొద్దిగా జరిపేవి, లేదా పిఫ్‌లలో ఒకటో రెండో మాత్రమే తగ్గించేవి ఎక్కువ పనికొస్తాయనిపిస్తుంది.

చివరి ప్రశ్న, పొడుగు మొలకలో ఏది మారిందో ఎలా చెప్పాలన్నది. మొలక ఒక్కటే చేతిలో ఉంటే చెప్పలేం. దాని విత్తనాలు కావాలి, పక్కన పోల్చడానికి మామూలు రకం విత్తనాలు కావాలి. అన్నిటికంటే ముందు పూర్తి చీకట్లో పెంచండి. చీకట్లోనే మామూలు రకం కంటే పొడుగుగా ఉంటే అసలు కాంతి గ్రాహకాన్ని అనుమానించకండి, హార్మోన్ల వైపు వెళ్లండి. చీకట్లో రెండూ సమానంగా ఉండి వెలుతురులో తేడా వస్తేనే ఈ దారిలో ముందుకు వెళ్లాలి. ఈ చీకటి పరీక్ష చేయకుండా నెలల తరబడి జన్యువుల వెంట పడినవాళ్లను చూశాను.

తర్వాత ఎరుపు, ఫార్-రెడ్, నీలి ఎల్‌ఈడీల కింద వేర్వేరు డిష్‌లు. ఎరుపులో మాత్రమే పొడుగైతే ఫైటోక్రోమ్-బి మీద అనుమానం. ఫార్-రెడ్‌లో మాత్రమే అయితే ఎ. నీలిలో ముఖ్యంగా పొడుగైతే క్రిప్టోక్రోమ్-1. మూడింటిలోనూ పొడుగైతే హెచ్‌వై5 లాంటి కింది మెట్టు. ఎరుపులోనూ ఫార్-రెడ్‌లోనూ పొడుగై నీలిలో దాదాపు మామూలుగా ఉంటే రంగు అణువు తయారీ దగ్గర తెగి ఉండొచ్చు, ఎందుకంటే క్రిప్టోక్రోమ్‌లు వాడుకునే రంగు అణువు వేరు. ఈ చివరి అనుమానాన్ని తేల్చుకోవడానికి మంచి దారి ఒకటుంది. హీమ్‌ను కత్తిరిస్తే వచ్చే బిలివర్డిన్ అనే పదార్థం బయట దొరుకుతుంది. దాన్ని అగార్‌లో కలిపి, ఆ విత్తనాలను మళ్లీ ఎరుపు కాంతిలో పెంచండి. తెగింది హెచ్‌వై1 దగ్గరైతే మొలక బయటి నుంచి అందిన ఆ పదార్థంతో రంగు అణువు తయారు చేసుకుని పొట్టిగా పెరుగుతుంది. ఫైటోక్రోమ్ ప్రోటీనే లేకపోతే ఎంత బిలివర్డిన్ పోసినా పొడుగు తగ్గదు. అప్పుడు ఫైటోక్రోమ్ జన్యువులను సీక్వెన్సింగ్‌కు పంపండి.